పరిగె నోరు తెరిచేది గాలాడక కాదు

చేపపిల్లల్ని వదిలే ముందు పరిగెల్లాంటి కలుపు చేపలు చావడానికి డెర్రిస్ అనే తీగ వేరు పొడి చల్లడం ఉంది కదా. ఎకరం చెరువు, మీటరు నీళ్లు, లీటరుకు 10 మిల్లీగ్రాములు వేసుకుంటే 40 కిలోలు. కాసేపటికి పరిగెలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఏరేటర్ తిప్పినా లాభం లేదు. నీళ్లలో ఆక్సిజన్ ఉంది, వాడుకునే దారే మూసుకుపోయింది. పొడిలోని రోటెనోన్ అనే విషం, కణానికి కరెంటు తయారుచేసిపెట్టే మైటోకాండ్రియాలో, ఆ తయారీకి మొదటి మెట్టైన కాంప్లెక్స్ 1ని పట్టేస్తుంది.

ధవళేశ్వరంలో కాలువ తలుపులు దించితే ముందు ఎండేది శివారు చేలే. మెదడులోనూ అంతే. కదలికల్ని నడిపే డోపమైన్ కణాలకి పొడుగాటి, లెక్కలేనన్ని కొమ్మలు. కరెంటు తగ్గితే ఆ కొసలు ముందు పోతాయి. 2000లో ఎలుకలకి రోటెనోన్ ఎక్కించి పార్కిన్సన్ (వణుకుడు జబ్బు) లక్షణాలు రప్పించారు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందులోని ఎంపీటీపీ అనే రసాయనం కుర్రాళ్లని రోజుల్లోనే కొయ్యబారేలా చేసింది. అదీ మూసిన గేటు ఈ కాంప్లెక్స్ 1నే.

మందులతోనూ ఉంది పేచీ. మైటోకాండ్రియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి, బ్యాక్టీరియా కోసం వేసిన మందు వీటికీ తగులుతుంది. అందుకే లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు దాటితే అరికాళ్ల తిమ్మిరి, చూపు మసక, రక్తంలో లాక్టేట్ చూసుకోవాలి.

మళ్లీ చెరువు దగ్గరికొస్తే, డెర్రిస్ పొడి మింగినదానికంటే పీల్చింది ఎక్కువ ప్రమాదం. తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే చాలదండి, దుమ్ము ఆపే మాస్కే కావాలి. పొడిని ముందు నీళ్లలో ముద్ద చేసుకుని, గ్లవుజులతో, గాలి వీపుకి తగిలేలా నిలబడి చల్లాలి. ఇప్పగింజల నూనె తీసిన చెక్క వాడేవాళ్లకి ఈ రోటెనోన్ గొడవ లేదు, కాకపోతే అదే చెరువుకి టన్ను మొయ్యాలి.