పింగాణీ పొయ్యి పెరట్లోకి వచ్చింది

"మూత కీలు పట్టుకోబాకండ్రా! కింద గాలి కంతలో ఒకరు చెయ్యి పెట్టండి, ఇంకొకరు వెనక అడుగు పట్టుకోండి!"

ఐదుగురం. సుమారు 90 కేజీల సిరామిక్ గ్రిల్లు, అంటే బొగ్గుల మీద చేపా మాంసం కాల్చుకునే పింగాణీ పొయ్యి. లోపలి నిప్పుల గిన్నె, రింగు, ఇనప జాలీ ముందే తీసి పక్కన పెట్టినా, గేటు నుంచి పెరట్లోకి తేవడానికి అరగంట పట్టింది.

సపోటా చెట్టు దగ్గర ఒక్కసారి పక్కకి ఒరిగింది. ఇనుమైతే సొట్ట పడుద్ది, సరిచేసుకోవచ్చు. ఇది పింగాణీ, పగిలిందా అంతే. పక్కింటి బావ మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ మనిషి రుణం ఎట్టా తీర్చుకోవాలో.

మూడు వారాలుగా రోజూ సాయంత్రం కావలి లారీ ఆఫీసుకి ఫోన్ చేసి "వచ్చిందా అన్నా" అని అడగడమే.

అమ్మ వచ్చి చేత్తో నిమిరి చూసింది. "ఊరగాయ జాడీ మాదిరి ఉండాదే! ఇంత మందమెందుకురా?"

ఆ మందమే వేడిని గంటల తరబడి పట్టుకుంటదమ్మా, బొగ్గులు కొంచెం చాలు అన్నాను.

"మా అమ్మ పిడకల దాలి గుంటలో పాలు కాచినట్టు" అంది.

నాకంటే తనకే బాగా అర్థమైంది.

రేపు మొదటి మంట చిన్నగానే పెట్టాలి, మూత అంచు పట్టీ కుదురుకోవాలి. ఆదివారం పండుగప్ప చేప కాలుస్తా. చెయ్యేసిన వాళ్ళందరూ రావాలి, మొదటి ముక్క మాత్రం బావకి.