ఇద్దరూ కూర్చునే చోటు: ఆఫ్రికాలో మేము చూసిన ఆరుబయళ్లు

మా తమ్ముడి కూతురికి వచ్చే మాఘమాసంలో పెళ్లి. అల్లుడి ఉద్యోగం కెన్యా రాజధాని నైరోబీలో. మొన్న విజయనగరంలో పెళ్లిచీరలు కొంటూ ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచి, "అత్తా, అక్కడ మేమిద్దరం సాయంత్రం పూట ఎక్కడికి వెళ్లవచ్చు?" అని మెల్లగా అడిగింది. పదకొండేళ్లు జాంబియా రాజధాని లుసాకాలో కాపురం చేసినదాన్ని కనుక ఆ ప్రశ్నకు దుకాణంలో నిలబడి రెండు ముక్కల్లో బదులివ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ప్రశ్న విలువ నాకు తెలుసు. మా అత్తవారిది ఉమ్మడి కుటుంబం. పెళ్లయిన కొత్తలో మావారితో కలిసి పెద్దచెరువు గట్టు మీదికి వెళితే పది అడుగులకొక తెలిసిన ముఖం ఎదురయ్యేది, ఇద్దరం అక్కడికక్కడే దూరంగా జరిగేవాళ్లం. పెళ్లయి ఏడాది దాటినా మేము ఒకరితో ఒకరం తీరికగా మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆ లోటు తీరింది జాంబేజీ నది ఒడ్డున.

లుసాకా నుంచి లివింగ్‌స్టన్ పట్టణం దాదాపు 480 కిలోమీటర్లు. విక్టోరియా జలపాతం అక్కడికి దగ్గరలోనే ఉంది. దాని వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు సుమారు 108 మీటర్లు. అక్కడివారు దానిని 'మోసి-ఓవా-తున్యా' అంటారు, అంటే ఉరిమే పొగ అని అర్థం. మొదటిసారి మేము తెలియక అక్టోబరులో వెళ్లాము. జాంబియా వైపున ఆ నెలలో చాలా మేర నల్లటి బండలే కనిపిస్తాయి. వానలు మార్చి నాటికి తగ్గిపోయినా, అంగోలా నుంచి, జాంబియా పడమటి ప్రాంతాల నుంచి వచ్చే నీరు విశాలమైన వరద మైదానాల్లో పరుచుకుని నెమ్మదిగా దిగుతుంది కనుక, జలపాతం నిండుగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లోనని తరువాత తెలుసుకున్నాము.

రెండోసారి వైశాఖ పౌర్ణమికి వెళ్లాము. నిండు పౌర్ణమికి, దానికి అటూ ఇటూ రాత్రులలో అక్కడి ఉద్యానాన్ని ప్రత్యేకంగా తెరుస్తారు, ఎందుకంటే అప్పుడు వెన్నెల వెలుగుకే నీటి తుంపరలో హరివిల్లు ఏర్పడుతుంది. చంద్రుణ్ణి వీపు వెనుక ఉంచుకుని తుంపర వైపు చూస్తూ నిలబడాలి. చంద్రుడు నడినెత్తికి ఎక్కకముందే చూడాలి. మొదట అది తెల్లటి వంపుగా మాత్రమే కనిపించింది, ఎందుకంటే అంత తక్కువ వెలుగులో మన కన్ను రంగులను సరిగా పట్టుకోలేదు. చేతిదీపం ఆర్పి, చీకటికి కళ్లు అలవాటుపడేదాకా మాట్లాడకుండా నిలబడితే, వంపు పైఅంచున లేత ఎరుపు ఉన్నట్టూ లేనట్టూ తోచింది. "నీకూ కనిపిస్తోందా?" అని మావారు అడిగారు. ఆ రాత్రి తడిసిన బట్టలతోనే చాలాసేపు మాట్లాడుకున్నాము. ఆయన చిన్నప్పుడు నాగావళిలో ఈత నేర్చుకుంటూ మునిగిపోబోయిన సంగతి నాకు తెలిసింది అప్పుడే. అందుచేత కొత్తజంటలకు నేను మొట్టమొదట చెప్పేది ఈ చోటే, కాకపోతే వానకోట్లు, ఫోను తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి తప్పనిసరిగా తీసుకువెళ్లాలి.

ఇక మా పిల్ల వెళ్లే నైరోబీలో, నగరం మధ్యనే సుమారు 1,000 హెక్టార్ల కరూరా అడవి ఉంది. కొద్దిపాటి ప్రవేశ రుసుము చెల్లించి లోపలికి వెళితే నడకదారులు, అద్దె సైకిళ్లు, ఒక చిన్న జలపాతం, గుహలు కనిపిస్తాయి. ఆ అడవిని కట్టడాలకు పంచిపెట్టబోయినప్పుడు కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాతాయ్ మొక్కలు నాటి అడ్డుకున్నారు. 1999 జనవరిలో అక్కడే ఆమెపై దాడి జరిగి తలకు గాయమైంది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ చెట్ల కింద చేయి పట్టుకుని నడిచే ప్రతి జంటా ఆమెకు రుణపడి ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. భూమధ్యరేఖకు దగ్గర కనుక అక్కడ ఏడాది పొడవునా ఆరున్నర ప్రాంతానికే పొద్దు గుంకుతుంది, కాబట్టి చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన ఎండలకు అలవాటుపడిన ఒంటికి అక్కడి చలి గట్టిగానే తగులుతుంది, శాలువా ఉండాలి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అందుకు పూర్తిగా భిన్నంగా, డిసెంబరు, జనవరి నెలల్లో ఎనిమిది గంటలకు గానీ సూర్యాస్తమయం కాదు. 1929 నుంచి నడుస్తున్న తీగబండి (కేబుల్ కారు) ఎక్కి 1,086 మీటర్ల టేబుల్ మౌంటెన్ మీదికి వెళ్లవచ్చు, అయితే గాలి ఎక్కువైతే దానిని ఆపివేస్తారు. అలాంటి రోజున 1913లో నెలకొల్పిన కిర్‌స్టెన్‌బాష్ తోటలో పచ్చికపై దుప్పటి పరుచుకుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినడమే మేలు. కైరోలో అల్ అజహర్ పార్కు, అయిదు వందల ఏళ్లు పేరుకున్న చెత్తగుట్ట తోటగా మారి 2005లో తెరుచుకున్న చోటు, సాయంత్రం పూట జంటలతో నిండిపోతుంది.

టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవిలో పొద్దుగుంకాక, స్టోన్ టౌన్ అనే పాత పట్టణంలోని ఫోరొధానీ తోటలో తినుబండారాల బల్లలు వెలుస్తాయి. సముద్రపు గోడ మీద కూర్చుని, అల్లం పిండిన చెరకురసం తాగుతూ, నీళ్లలోకి దూకే కుర్రవాళ్లను చూడవచ్చు. స్వాహిలీలోనూ చాయ్, చపాతీ అనే అంటారు కనుక అడిగి తెప్పించుకోవడానికి మొహమాటం ఉండదు. అక్కడ ముస్లింలు అధికం, అందుచేత భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవడం, నలుగురిలో అతి చనువు చూపకపోవడం మర్యాద. మన ఊళ్లలో పెరిగినవారికి అది కష్టమేమీ కాదు.

ఒక సంగతి మరువకూడదు. కెన్యా వంటి దేశాల నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. ఆ టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది కనుక, పెళ్లిపనుల హడావుడిలో దానిని చివరికి వదిలేయవద్దని ఆ పిల్లకు గట్టిగా చెప్పాను.

చివరిగా దక్షిణాఫ్రికాలోని డర్బన్. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకుతోటల కూలీలుగా అక్కడికి వెళ్లినవారిలో అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపువారే. ఒక సాయంత్రం అక్కడి సముద్రతీరంలో, మా ఇద్దరి తెలుగు మాటలు విని ఒక ముసలి దంపతులు మమ్మల్ని పలకరించారు. వారికి వచ్చిన తెలుగు నాలుగు మాటలే. తమ పడుచుతనంలో ఆ ఇసుక మీద తెల్లవారికి తప్ప ఇంకెవరికీ చోటు ఉండేది కాదని, 1989లో ఆ జాతివివక్ష ఆంక్షలు తొలగాక, నడివయసులో, తాము మొదటిసారి అక్కడికి వచ్చి చీకటి పడేదాకా కూర్చున్నామని ఆ పెద్దావిడ ఇంగ్లీషులో చెప్పారు. అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తున్నారట. మేము నిలబడే వింటున్నామని గమనించి, ఆ పెద్దాయన బల్ల మీద కొంచెం జరిగి, "రండి, కూర్చోండి" అన్నారు.