మాలకొండకు మంచినీళ్ల సీసాతో

మాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు. మిగతా రోజుల్లో దేవతలూ ఋషులూ వచ్చి పూజించుకుంటారని మా వైపు నమ్మకం. కందుకూరు నుంచి వెళ్లే శనివారం బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఆ బస్సులో ఆడవాళ్లను కాసేపు గమనించండి, నీళ్ల సీసా మూత తీసేవాళ్లు కనిపించరు. దాహం లేక కాదు. తాగితే మళ్లీ ఎక్కడికి పోవాలన్న బెంగ.

నాకు ఆ వీలు లేదు. టైప్ 2 మధుమేహం ఉంది. నేను వాడే మాత్రల్లో ఒకటైన డపాగ్లిఫ్లోజిన్ రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. మంచిదే కానీ, ఆ తీపి తగిలే చోట దురద, బూజు ఇన్ఫెక్షన్ చేరడం తేలిక. దానికితోడు నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చుంటే మూత్రంలో మంట మొదలవుతుంది. ఆ మంట పడినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ప్రయాణం అనుకున్నప్పుడే మా వదిన నెలసరి వాయిదా మాత్రల మాట ఎత్తారు. పెళ్లికీ, వ్రతానికీ, తిరుపతికీ మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడం మన ఇళ్లలో మామూలే. నోరెథిస్టిరోన్ అనే హార్మోను మాత్రలవి. రక్తనాళాల్లో గడ్డలు కట్టినవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. అసలు అంత అవసరమేముంది? ముందే టికెట్టు తీసుకున్న దర్శనమా, తేదీ దాటితే పోవడానికి? "వదినా, స్వామి ప్రతి శనివారం ఉంటాడు కదా, స్నానం అయ్యాక వచ్చే శనివారం వెళదాం" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనన్నారు. అయినా నలభై దాటాక తేదీలు మాట వినవు కాబట్టి ప్యాడ్లు, వాడినవి చుట్టడానికి పాత పేపరు సంచిలో పెట్టుకున్నాను.

వదినకు శనివారం ఒక్కపొద్దు. నేను మాత్రం ఇంట్లోనే ఇడ్లీ తిని బయలుదేరాను. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కొండ ఎక్కితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. "స్వామి దర్శనం కాకుండా తినడమేమిటమ్మాయ్?" అని ఆవిడ అననే అన్నారు. నేను రెండో చట్నీ వేసుకున్నాను.

కొండ కింద చెప్పులు విడిచి దళసరి నూలు మేజోళ్లు వేసుకున్నాను. అరికాళ్లలో స్పర్శ కొంత తగ్గింది నాకు. అలాంటి కాళ్లకు బండ కాలిన సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. ఎండ ముదిరేలోపు ఎక్కేయాలని మొదటి బస్సుకే వచ్చింది అందుకే. తొడలు ఒరుసుకోకుండా లోపల నూలు లెగ్గింగు, రాపిడి ఉండే చోట కాస్త కొబ్బరి నూనె.

ఎక్కే ముందు మరుగుదొడ్డి దగ్గర వరుసలో నిలబడ్డాను. కుళాయి ఉంది, నీళ్లు లేవు. నా సీసాల్లో ఒకటి కడుక్కోవడానికే తెచ్చుకున్నది. సబ్బు అక్కరలేదు. మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మెత్తటి నూలు గుడ్డతో తడి ఆరేలా అద్దుకోవాలి. తడి మిగిలితేనే బూజు. చెమటకు తడిసిన లోదుస్తులు మార్చుకోవడానికి ఇంకో జత సంచిలో ఉంది. నా వెనక నిలబడిన పెద్దావిడ "గుడ్డ కూడా తెచ్చుకున్నావే!" అని నవ్వి, మిగిలిన నీళ్లు ఇమ్మని చెయ్యి చాపింది.

మెట్ల దారిలో ఒక మలుపు దగ్గర వేళ్లు వణికాయి, మెడ వెనక చల్లటి చెమట పట్టింది. నీడలో కూర్చుని వేలు పొడిచి చూస్తే మీటరులో 68. అది 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల చక్కెర లోపలికి పోవాలి. చిన్న చెంచాతో మూడు చెంచాలు గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 96. నాలుగు బిస్కెట్లు తిన్నాక లేచాను. అంతసేపూ వదిన మాట్లాడకుండా కొంగుతో విసిరారు. ఒక్కపొద్దు మనిషి, నా నీళ్ల సీసా అందుకుని తనూ సగం తాగారు.

స్వామి దర్శనం అయ్యాక అమ్మవారి దగ్గరికి రెండు బండల మధ్య సన్నటి సందులోంచి వెళ్లాలి. అమ్మవారి కోసం కొండే చీలి దారి ఇచ్చిందని చెబుతారు. ఎంత లావు మనిషైనా ఇట్టే పడతారట. మనిషి పడతారేమో గానీ, మందులతో ఉబ్బిన నా నడుము సంచి పట్టలేదు. దాన్ని విప్పి తల మీద పెట్టుకుని పక్కకు తిరిగి నడిచాను. చేతులు తగిలి తగిలి నున్నబడిన రాయి భుజానికి చల్లగా ఆనింది. సంచి లేకుండా మాత్రం వెళ్లకండి. మీటరూ గ్లూకోజూ ఒంటి మీదే ఉండాలి. కింద ఉన్న మనిషి చేతిలో ఉంటే లాభం లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని అరికాళ్ల కింద అద్దం పెట్టి చూసుకున్నాను. ఎడమ మడమలో మేజోడు దాటి దిగిన సన్నటి ముల్లు. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. వదిన పిన్నీసు తెస్తానంటే వద్దని, కాలు సబ్బుతో కడిగి, చివర బయటే ఉన్న ముల్లును స్పిరిట్‌తో తుడిచిన పట్టకారుతో లాగి మందు రాశాను. ఎర్రబడినా వాచినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది తానేనని వదిన అప్పుడే చెప్పేశారు.