కీచురాళ్ళ ప్యాకెట్టు, గుడ్ల ట్రే

సింగపూర్‌లో 2024 జులైలో పురుగుల్ని ఆహారంగా అమ్ముకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. మొత్తం 16 రకాలు: కీచురాళ్ళు, మిడతలు, పిండిపురుగులు, పట్టుపురుగులు వగైరా. అడవిలో పట్టినవి పనికిరావు, పెంచినవే అమ్మాలి. ఆ కబురు వినగానే మా డార్మిటరీలో సోంపేట, కవిటి కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. "ఇన్నాళ్ళూ అన్నంలో పురుగొస్తే కేటరింగోడితో గొడవాడాం. ఇకమీదట దానికీ బిల్లేస్తాడు బావా!"

షిప్‌యార్డులో నాతో ఫిట్టింగ్ చేసే థాయ్ అన్నకి మాత్రం ఇందులో వింతేమీ లేదు. వాళ్ళ దేశంలో రైతులు షెడ్లు వేసి మరీ కీచురాళ్ళను పెంచుతారు. ఒకరోజు టీ టైములో ప్యాకెట్ విప్పి ముందు పెట్టాడు. కాళ్ళూ మీసాలూ సహా వేయించినవి. ఒకటి నమిలాను. కరకరలాడింది, అచ్చం ఎండు రొయ్య రుచి. టెక్కలి తమ్ముడు చెయ్యి చాపితే నేనే ఆపాను. రొయ్య తింటే వాడికి ఒళ్ళంతా దద్దుర్లు. రొయ్య పడనివాళ్ళకి ఇవీ పడకపోవచ్చు, రెండింట్లోనూ ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ ఒకలాంటిదే.

ఫోన్లో చెబితే అమ్మ తేలిగ్గా తీసేసింది. "ఏటిరా, సిన్నప్పుడు ఉసిళ్ళు తినలేదేటి?"

తిన్నాను. తొలకరి పడ్డ రాత్రి దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెడితే బిలబిలా వచ్చి పడేవి. మూకుట్లో నూనె లేకుండా వేయించి, చేటతో చెరిగితే రెక్కలు ఎగిరిపోయేవి. ఉప్పూ కారం జల్లి, వేయించిన బియ్యంతో కలిపి పెట్టేది మా నాయనమ్మ. ఇప్పుడు అడిగి చూడండి, "అవి కొండోళ్ళు తింటారు, మనం కాదు" అంటుంది మా వీధి. ఇంతకన్నా పెద్ద అబద్ధం లేదు. నామోషీ, అంతే. రేపు అదే వస్తువు పొడి చేసి, రంగు డబ్బాలో పెట్టి ప్రోటీన్ పౌడర్ అంటే జిమ్‌కెళ్ళే కుర్రాళ్ళు క్యూ కడతారు.

కిలో బరువు పెరగడానికి కీచురాయికి 2 కిలోల మేత చాలు, పశువుకి 8 కిలోలు కావాలని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ చెబుతుంది. భూమికి లాభమే, కాదనను. ఆ లాభం నా జేబుదాకా వస్తేనా! ఇక్కడ హోటళ్ళలో అవి సరదాకి తినేవాళ్ళ ప్లేట్లో అలంకారం. ఊరికి డబ్బు పంపాల్సినవాడికి ప్రోటీన్ అంటే కోడిగుడ్డే. థాయ్ అన్న పెడితే ఇప్పటికీ ఒకటో రెండో తింటాను. గుడ్ల ట్రే కన్నా చవగ్గా దొరికితే అప్పుడు కొనే సంగతి చూద్దాం.