తెర మీద ఒక్క యూ కూడా పడని అరగంట

శనివారం. రాత్రి పది దాటింది.

పొద్దున్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో ఎక్కేసరికే ఎండ చురుక్కుమంటోంది. సెలవు కాబట్టి కాలేజీ ఖాళీ. నేను ల్యాబ్ తాళం తీసి ఫ్యాన్లు వేసేలోపే ఫైనలియర్ కుర్రాడు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచేశాడు. "రాత్రంతా చూసేను మేడమ్. మళ్లీ యూలు పడతన్నాయి" అన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

యూ అంటే అండర్‌రన్. మా దగ్గరున్న యూఎస్‌ఆర్‌పీ బీ210 అనే రేడియో బోర్డుకి కంప్యూటర్ శాంపిళ్లు (సిగ్నల్‌ని అంకెల్లో చెప్పే ముక్కలు) అందిస్తూనే ఉండాలి. బోర్డు తన గడియారం లెక్కన వాటిని సిగ్నల్‌గా మార్చి పంపేస్తూ ఉంటుంది. ఒక్కసారి అందకపోతే చాలు, బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, టెర్మినల్ మీద ఇంగ్లిష్ యూ అక్షరం ఒకటి వేస్తుంది. అది పడ్డ చోట సిగ్నల్ తెగిందన్నమాట, అక్కడున్న ఓఎఫ్‌డీఎం ఫ్రేము (చాలా ఫ్రీక్వెన్సీల మీద డేటా మోసే సిగ్నల్ ముక్క) పోయినట్టే.

మేము పంపేది సెకనుకి 5 కోట్ల శాంపిళ్లు. ఒక్కో శాంపిల్ 4 బైట్లు, సిగ్నల్‌లోని రెండు భాగాలైన ఐకి రెండు, క్యూకి రెండు. అంటే సెకనుకి 200 మెగాబైట్లు. యూఎస్‌బీ 3.0కి పైకి చెప్పేది 5 గిగాబిట్లు. బిట్లని తీగ మీద పంపడానికి చేసే కోడింగ్ ఖర్చు పోగా మిగిలేది 4, అంటే 500 మెగాబైట్లు. అందులో సగం కూడా మేము వాడట్లేదు. మరి ఎక్కడ తేడా వస్తోంది? కుర్రాడి అనుమానమంతా ల్యాప్‌టాప్ మీదే. "కొత్తది కొనాలా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. ఈ ల్యాప్‌టాప్ వాయిదాలే ఇంకా తీరలేదు. ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఇంటికి వెళ్లకూడదనుకున్నాను.

ముందు కేబుల్, పోర్టు చూశాం. డ్రైవర్ యూఎస్‌బీ 3 అనే చూపిస్తోంది. తర్వాత డ్రైవర్‌తో పాటే వచ్చే బెంచ్‌మార్క్ రేట్ ప్రోగ్రామ్‌ని అదే వేగంతో 5 నిమిషాలు నడిపాం. ఒక్క యూ కూడా లేదు. దాంతో నా మనసు కాస్త కుదుటపడింది. బోర్డు, కేబుల్, ల్యాప్‌టాప్ మూడూ మోయగలవు. గొడవ మా ప్రోగ్రామ్‌లోనో సెట్టింగుల్లోనో ఉంది.

సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ పవర్‌సేవ్‌లో ఉంది, పర్ఫార్మెన్స్‌కి మార్చాం. థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) ప్రయారిటీ పెట్టలేకపోయానని డ్రైవర్ మొదట్లోనే ఒక హెచ్చరిక వేస్తోంది, కుర్రాడు దాన్ని చూసీ వదిలేశాడు. లిమిట్స్ ఫైల్లో రియల్‌టైమ్ అనుమతి ఇచ్చి, లాగవుట్ చేసి మళ్లీ వచ్చాం. జల్లులా పడే యూలు తగ్గాయి. కానీ పోలేదు.

అప్పుడు నేను కీబోర్డు వదిలేసి ఊరికే తెర చూస్తూ కూర్చున్నాను. యూ. ఒకటి, రెండు. యూ. ఒకటి, రెండు. యూ. వేళ్ల మీద లెక్కపెట్టాను. సరిగ్గా రెండు సెకన్లకొకటి. రెండో కంప్యూటర్‌కి పెట్టిన చవక ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్) చూపే వాటర్‌ఫాల్‌లో (సిగ్నల్‌ని కాలంతో పాటు కిందికి దింపుతూ చూపే చిత్రం) కూడా అదే లయలో అడ్డంగా సన్నటి నల్ల గీత పడుతోంది. (గాల్లోకి ఏమీ వదల్లేదు. బోర్డు నుంచి డాంగిల్‌కి కేబులే, మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్లు. లైసెన్స్ లేకుండా గాల్లోకి పంపే పని నా ల్యాబ్‌లో జరగనివ్వను.)

ఆ గీత చూస్తే పొందూరులో అమ్మమ్మ రాట్నం గుర్తొచ్చింది. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చేత్తో ఏకుని (దువ్విన పత్తి చుట్ట) లాగేది. చెయ్యి ఒక్క క్షణం తడబడితే నూలు పుటుక్కున తెగేది. ఆవిడకైతే చక్రం ఆపి ముడేసుకునే వీలుంది. బోర్డు చక్రం ఆగదు. అయినా ఆవిడ నూలు తెగడం నేను చూసింది తక్కువ. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులన్నీ చేసి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకున్నాకే రాట్నం ముందు కూర్చునేది.

మా ప్రోగ్రామ్‌లో ఆ ముందు పని లేదు. ఒకే థ్రెడ్ ఫైల్ చదువుతోంది, శాంపిళ్లు పంపుతోంది, రెండు సెకన్లకోసారి లాగ్‌లో ఒక లైను రాసి అది డిస్కుకి చేరేదాకా ఆగుతోంది. టైము కొలిచాం. ఆ ఒక్క లైనుకి పాత హార్డ్‌డిస్కు 20, 30 మిల్లీసెకన్లు తింటోంది. ఒక బఫర్‌లో (పంపబోయే శాంపిళ్లు దాచుకునే చోటు) పట్టేది సుమారు 2000 శాంపిళ్లు, అంటే 40 మైక్రోసెకన్ల సరుకు. 32 బఫర్లూ నిండుగా ఉన్నా 1.3 మిల్లీసెకన్లు దాటవు. 30 మిల్లీసెకన్లు ఎవరు కాస్తారు? సగటున చూస్తే వేగం బోలెడు ఉంది. ఆ కాసేపు మాత్రం చేతిలో ఏమీ లేదు.

లాగ్ రాసే పని వేరే థ్రెడ్‌కి ఇచ్చాం. 5 సెకన్ల వేవ్‌ఫామ్, అంటే ఒక గిగాబైటు, ముందే ర్యామ్‌లోకి తెచ్చి దాన్నే తిప్పి తిప్పి పంపాం. మొదటి శాంపిల్ అర సెకను తర్వాత బయల్దేరేలా టైము పెట్టాం, ఈలోగా బఫర్లు నిండుతాయని. ఆ వ్యవధి మరీ తగ్గిస్తే యూ బదులు ఎల్ పడుతుంది, ప్యాకెట్ ఆలస్యంగా వచ్చిందని. అది కూడా కుర్రాడి చేత చేయించి చూపించాను. చూస్తేనే గుర్తుంటుంది.

మూడున్నరకి మొదలెట్టి అరగంట నడిపాం. కుర్రాడు తెర ముందు నుంచి కదల్లేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. వాటర్‌ఫాల్ పై నుంచి కింది దాకా ఎక్కడా గీత లేకుండా దిగుతూనే ఉంది. నాలుగింటికి ఆపాం. యూలు సున్నా. "ఇంక కొత్తది అక్కర్లేదు కదా మేడమ్?" అన్నాడు. అక్కర్లేదన్నాను. వెంటనే బయటికెళ్లి వాళ్ల నాన్నకి ఫోన్ చేశాడు. వరండాలోంచి వాడి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఇప్పుడు రాస్తుంటే కూడా చెవుల్లో ఉంది.

రాత్రి అన్నం తిన్నాక అమ్మమ్మకి ఫోన్ చేశాను. రాట్నం ముందు కూర్చునే ముందు ఎన్ని ఏకులు చేసి పెట్టుకునేదానివని అడిగాను.

"ఇప్పుడెందుకే అది?" అంది. కాసేపు ఆలోచించి, "దొప్ప నిండా" అంది.

సోమవారం రెండు చానళ్లతో నడపాలి. పొద్దున్నే రమ్మన్నాను.