మెడ మీద రెండు పంటిగాట్లు

మొన్న రాత్రి మా మేడ మీద పిల్లులు కొట్టుకున్నాయి. నిన్నంతా మా పిల్లి బుజ్జిగాడు మామూలుగానే తిరిగాడు. ఈ రోజు పొద్దున పాలగిన్నె చప్పుడైనా రాలేదు. చూస్తే బీరువా వెనక ముడుచుకుని ఉన్నాడు. మెడ పక్కన బొచ్చు అట్టకట్టింది, చెయ్యి వేస్తే కాలిపోతోంది.

అత్తయ్య పసుపు డబ్బా తెచ్చింది. "రవంత అద్దమ్మా, రేపటికల్లా మానిపోద్ది" అంది. ప్రేమతోనే అంది. కానీ పొడి మెత్తితే లోపలేముందో కనబడదు, వాడు ఊరికే నాకుతాడు. డెట్టాల్ కూడా వద్దన్నాను. అలాంటి ఫినాల్ రకం రసాయనాలున్న మందులు పిల్లి లివర్‌కి పడవు. నొప్పికని పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. ఇది మాత్రం పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో తెలియాలి.

అర లీటరు నీళ్లు మరగబెట్టి, చిన్న చెంచా ఉప్పు కలిపి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాను. అత్తయ్య పాత తువ్వాలులో వాణ్ణి తల మాత్రం కనబడేలా చుట్టి ఒళ్లో పెట్టుకుంది. సూది తీసేసిన సిరంజితో ఆ నీళ్లు మెల్లగా పోస్తుంటే అట్ట నానింది. దూది పోగులు పుండుకి అంటుకుంటాయని కట్లు కట్టే పల్చటి గాజ్ గుడ్డతో అద్దాను. అప్పుడు కనిపించాయి, ఆవగింజంత రెండు రంధ్రాలు. అప్పటికే పైన మూసుకుపోతున్నాయి. కింద మాత్రం మెత్తగా వాచి ఉంది. పిల్లి పన్ను సన్నం, లోతుగా దిగుతుంది. పైన చర్మం అతుక్కుంటే లోపల చీము పడుతుంది. దాన్ని నొక్కాలని చేతులు లాగాయి కానీ నొక్కలేదు.

చివర్లో వాడు నా మణికట్టు మీద గీరాడు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కున్నాను.

పదింటికి కావలి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు బొచ్చు కత్తిరించి, చీము తీసి, ఇంజెక్షన్ చేసి, వారానికి మందు రాశారు. నాకితే మళ్లీ మొదటికొస్తుందని మెడ చుట్టూ గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ కట్టారు. అక్కడి నుంచి నేరుగా వెళ్లి నేను కూడా రేబిస్ టీకా మొదటి డోసు వేయించుకున్నాను.

సాయంత్రం తుమ్మలపెంట నుంచి వచ్చిన కవళ్ల చేపలు ఉప్పు లేకుండా ఉడికించాం. అత్తయ్య ముళ్లు తీసి వేలితో అందిస్తే వాడు మూడు ముక్కలు తిన్నాడు. పసుపు డబ్బా తీసుకెళ్లి పోపులపెట్టె పక్కన పెట్టేసింది.