ఆరువందల అడుగుల గీత వెంట

నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కేటప్పుడు నా సంచిలో సర్వే ఆఫ్ ఇండియా వారి పాత మ్యాపు ప్రింటు ఉంది. మైలును అంగుళంలో చూపే షీటు. 1905లో మొదలైన రీసర్వేతో దేశమంతటికీ రంగుల్లో వచ్చిన కోవలోది. సర్వే వారి షీట్ల నంబర్లలో ఈ లోయ 56పీ గడిలో పడుతుంది. అందులో జలాశయం లేదు, కృష్ణ మాత్రమే ఉంది. ఒడ్డున పసుపు రంగులో సాగుభూమి, ఎర్ర చుక్కలుగా ఊళ్లు, చుట్టూ గోధుమరంగు కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు.

ముందురోజు రాత్రి లాడ్జిలో ఒక పని చేశాను. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. షీటులో ఎత్తులూ అడుగుల్లోనే, గీతకీ గీతకీ 50 అడుగులు. అందుకని దగ్గరలో ఉన్న 600 గీతని నీలం పెన్సిల్‌తో దిద్దుకుంటూ పోయాను. గీత ప్రతి వాగులోకీ దూరి వచ్చింది. చివరికి నాగార్జునకొండ చుట్టూ మూసుకుని దాన్ని దీవిని చేసేసింది. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం పక్కన పెడితే దాదాపు అదే ఆకారం! ప్లేన్ టేబుల్ (మ్యాపు గీసే సర్వే బల్ల) మోసుకుంటూ ఎండలో తిరిగిన ఆ సర్వేయర్లకు ఆనకట్ట సంగతి ఏం తెలుసు?

లాంచీలో మ్యాపు విప్పితే సరంగు వంగి చూశాడు. ‘ఏంది సార్, రోడ్డు కూడా ఉందా దీంట్లో?’ ఉంది, బండిబాట. 400 గీత మీదుగా వెళ్తున్నామనుకుంటే, నిండు మట్టంలో అడుగున 190 అడుగుల నీరు. ఆ లెక్క చెప్పగానే పక్క సీటాయన రెయిలింగ్ పట్టుకున్నాడు.

షీటులో ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి జాడ ఉండదు. 1926లో పురావస్తు శాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి ఈ శిథిలాలను గుర్తించాకే లోకానికి తెలిసింది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్లు రాకముందే పని తేల్చాలని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వారు. కొన్ని కట్టడాలను కొండ మీదా, జలాశయం ఒడ్డున ఉన్న అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. కొండ మీది మ్యూజియం బాగుంది, కానీ నాకు అనుపే నచ్చింది. అక్కడ మెట్ల మైదానంలో కూర్చుని షీటు తీరిగ్గా చూడొచ్చు.

చూస్తే నది మధ్యలో చుక్కలూ గీతలుగా ఒక సరిహద్దు: ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ గుంటూరు జిల్లా, అటు నిజాం నల్లగొండ. 1956లో అది జిల్లాల హద్దుగా తగ్గింది. 2014లో మళ్లీ రాష్ట్రాల హద్దయింది. ఊళ్లు, బాటలు, పొలాలు మునిగాయి గానీ, నీటి మీద గీసిన ఆ గీత కోసమే ఇప్పటికీ పంచాయితీ.